చనిపోయాక ఎదిగిన చెల్లెలు

మూడోసారి కూడా ఆవిడ మంచు దగ్గరే మొదలుపెట్టింది.

"నేను పుట్టిన రాత్రి కెంటకీ కొండల్లో మోకాలి లోతు మంచు నాయనా. మంత్రసానికి దారి దొరక్క..."

"అమ్మా, నేనడిగింది నిన్న పొద్దుటి సంగతి," అన్నాను.

"అక్కడికే వస్తున్నాను."

అక్కడికి రావాలంటే ఆవిడకి అరవయ్యేళ్ళ దారి ఉంది. డెల్ఫా ప్రూయిట్ తన జీవితకథని రేడియోల్లో, టీవీల్లో, తిరునాళ్ళ స్టేజీల మీద ఎన్ని వేలసార్లు చెప్పిందో లెక్క లేదు. చెప్పి చెప్పి ఆ కథ ఎంత నున్నబడిపోయిందంటే, మనం ఏ ప్రశ్న వేసినా జారి మళ్ళీ ఆ మంచులోనే పడతాం.

వంటింట్లో ఆవిడ మజ్జిగ బిస్కెట్లకి పిండి కలుపుతోంది. ఇంట్లో ముగ్గురు పనివాళ్ళున్నా బిస్కెట్లు మాత్రం తనే చేస్తుందట. అది కూడా కథలో భాగమే. నేను బల్ల ముందు కూర్చుని, పొద్దుటినుంచి మూడో గ్లాసు తియ్యటి చల్లటి టీ తాగుతున్నాను. పళ్ళు జివ్వుమంటున్నాయి గానీ కేసు అంగుళం కదల్లేదు.

కేసు ఇది. ఆవిడ జీవితకథని పుస్తకంగా రాస్తున్న రాయిస్ కింబ్రెల్ అనే రచయిత, నిన్న ఉదయం ఆవిడ బంగళా వెనకున్న దుంగల ఇంట్లో తల పగిలి పడి ఉన్నాడు. ఆవిడ పుట్టి పెరిగిన ఇల్లే అది. పేరూ డబ్బూ వచ్చాక కెంటకీ లోయలోంచి దుంగ దుంగా విప్పించి, లారీలకెక్కించి, ఇక్కడ టెనెసీలో తన పెరట్లో మళ్ళీ నిలబెట్టించింది. అభిమానులు టికెట్ కొనుక్కుని లోపలికెళ్ళి, కళ్ళు తుడుచుకుంటూ బయటికొస్తారు. రాయిస్ ఆసుపత్రిలో ఇంకా కళ్ళు తెరవలేదు. తెరుస్తాడో లేదో డాక్టర్లకీ తెలీదు. ఇక మా టోలివర్ కౌంటీ షెరిఫ్ ట్రూమన్ గాడ్సీ మధ్యాహ్నం భోజనానికి ముందే నేరస్థుణ్ణి పట్టేశాడు. డెల్ఫా మాజీ మొగుడు హార్లన్ టిప్టన్.

డిటెక్టివ్‌ని కాకముందు నేను హార్లన్ బృందంలో, డెల్ఫా పాటలకి ఫిడేలు వాయించేవాణ్ణి. జైలు నుంచి ఫోన్ చేసి, "లూథర్, నేను కొట్టలేదురా," అన్నాడు. తాగినప్పుడు హార్లన్ ఎన్ని కోతలైనా కోస్తాడు. కానీ అప్పుడు గొంతులో మత్తు లేదు. రాయిస్ గనక చచ్చిపోతే ఈ రాష్ట్రంలో దానికి కరెంటు కుర్చీ.

"నిన్న పొద్దున్న ఏడూ ఎనిమిదిన్నర మధ్య ఎక్కడున్నారు?" మళ్ళీ అడిగాను. ఏడింటికి రాయిస్ కారు గేటు దాటింది. ఎనిమిదిన్నరకి టికెట్ల అమ్మాయి తలుపు తీసి కెవ్వుమంది.

"ఇక్కడే. బిస్కెట్లు చేస్తున్నాను. మా అమ్మ చేసేది ఇలాగే. నాన్న గనిలో పోయాక..."

"ఆగండి. ఇందాక వరదలో పోయాడన్నారు."

"అన్నానా?"

"మొదటిసారి గని, రెండోసారి వరద. ఒక్క మనిషి రెండుసార్లు ఎలా పోయాడమ్మా?"

ఆవిడ ఏమాత్రం తడుముకోలేదు. "పాటల్లో పోయాడు నాయనా. ఒక్కో పాటలో ఒక్కోలా."

"నిజంగా?"

"నిజంగా మంచం మీద పోయాడు. దగ్గుతో. దానికెవరు పాట కడతారు?"

నేను టోపీ తీసి బల్ల మీద పెట్టి, తల గోక్కున్నాను. "పోనీ ఇది చెప్పండి. మీకు తోబుట్టువులెవరు?"

పిండిలో చేతులు ఆగాయి. నిజంగా చెప్పాలంటే ఆ పొద్దుటినుంచి ఆవిడ తడబడింది అక్కడే.

"తెలీనట్టు అడుగుతావేం? నెట్టీ. నా చెల్లెలు. ఏడేళ్ళప్పుడు జ్వరంతో పోయింది."

తెలీకేం. "నెట్టీకి చలేస్తోంది" పాట వినని గడప ఈ దక్షిణాదిలో లేదు. లారీ డ్రైవర్లు బండి పక్కకి తీసి ఏడ్చిన పాట. జ్వరంతో వణుకుతున్న చెల్లికి కప్పడానికి దుప్పటి లేక, అక్క తన గౌను విప్పి కప్పే పాట. ఏ ఊళ్ళో పాడినా ఆవిడ చివర్లో పాడేది అదే. ఆ సాయంత్రం కౌంటీ తిరునాళ్ళలోనూ పాడబోతోంది.

"ఆ పాప గురించి రాయిస్ ఏమైనా అడిగాడా?"

"అందరూ అడుగుతారు. పొయ్యి వేడెక్కింది. నువ్వు లే ఇక."

లేచాను. ఇంకో గ్లాసు టీ పోస్తానంది. దణ్ణం పెట్టి బయటపడ్డాను.

దుంగల ఇంటి గుమ్మానికి షెరిఫ్ మనుషులు తాడు కట్టారు. కట్టి, ఆ తాడు కిందనుంచి తామే పదిసార్లు దూరినట్టున్నారు. నేల మీద దుమ్ములో ఏ అడుగు ఎవరిదో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. ఒకటే గది. ఓ మూల పొయ్యి, దాని మీద అరుగు, ఓ పక్క మంచం, గోడల నిండా మేకులు, మేకులకి వస్తువులు, వస్తువుల కింద అట్టముక్కల మీద రాతలు. రాయిస్ పడిన చోట, తలుపు దగ్గర, నెత్తుటి మరక ఎండిపోయి ఉంది.

"ఏమయ్యా ఫిడేలూ, నా జాగాలో ఏం వాయిస్తున్నావ్?"

తిరిగి చూడక్కర్లేదు. ట్రూమన్ గాడ్సీ. పనికిరాని వాద్యగాడు డిటెక్టివ్ అయ్యాడని నా గురించి ఊరంతా చెబుతాడు. పాట పాడలేనివాడు షెరిఫ్ అయ్యాడని నేను చెబుతాను. రెండూ నిజమే.

"మీవాళ్ళు తొక్కగా మిగిలినవి ఏరుకుంటున్నాను షెరిఫ్ గారూ. హార్లన్ మీద మీకున్న సాక్ష్యమేంటో కాస్త సెలవిస్తారా?"

"సెలవియ్యడానికేముంది? పుస్తకంలో తన పేరొస్తే రచయిత బుర్ర బద్దలు కొడతానని వాడు బార్లో అందరి ముందూ అన్నాడు. నిన్న ఆరున్నరకి గేటు దగ్గరికొచ్చి బూతులు తిట్టాడు. వాచ్‌మన్ తరిమితే గోడ దూకాడు."

"దూకడం ఎవరు చూశారు?"

"ఎవరూ చూడకూడదనే దూకాడు."

"హార్లన్ పొట్ట చూశారా ఎప్పుడైనా? మంచం ఎక్కడానికే ఆయాసపడతాడు. అది ఆరడుగుల గోడ."

"తాగినోడికి బలమొస్తుంది. అవన్నీ ఎందుకయ్యా, శవం పక్కన వాడి టోపీ దొరికింది!"

"శవం కాదు. ఆయన బతికే ఉన్నాడు."

"మనిషి పక్కన. లోపల పట్టీ మీద వాడి పేరు కుట్టి ఉంది. చాలా?"

నేను ఆయన భుజం పట్టుకుని తలుపు పక్క గోడ దగ్గరికి తీసుకెళ్ళాను. అక్కడో ఖాళీ మేకు. దాని కింద అట్టముక్క.

"చదవండి."

"కళ్ళజోడు జీపులో ఉంది."

"అయితే వినండి. 'డెల్ఫాతో పెళ్ళినాడు హార్లన్ టిప్టన్ పెట్టుకున్న టోపీ. దయచేసి ముట్టుకోవద్దు.'"

షెరిఫ్ ఆ మేకుని వేలితో తడిమాడు. "అయితే వాడే తీసి పెట్టుకుని..."

"తల పగలగొట్టడానికొచ్చినవాడు ముందు గోడ మీదున్న తన పెళ్ళి టోపీ తీసి పెట్టుకుని, ఆ తర్వాత కొట్టి, జాగ్రత్తగా పక్కన పెట్టి పోయాడా?"

"తాగుబోతోడు ఏమైనా చేస్తాడు."

ఈయన్ని గెలిపించేందుకు రెండుసార్లు ఓటేసిన వాళ్ళలో మా ఆవిడ కూడా ఉంది. ఇంటికెళ్ళాక అడుగుదామనుకుని పొయ్యి అరుగు వైపు తిరిగాను.

అరుగు మీద పాత సామాను వరసగా పేర్చి ఉంది. కిరసనాయిలు దీపం, కాఫీ మర, ఇనుప ఇస్త్రీపెట్టె. అన్నిటిమీదా సన్నగా దుమ్ముంది, ఇస్త్రీపెట్టె మీద తప్ప. దాన్ని ఎవరో కడిగి, తుడిచి, మళ్ళీ అక్కడే పెట్టారు. కానీ దాని పాత గుర్తు దుమ్ములో పక్కనే కనిపిస్తోంది. తొందరలో నాలుగు వేళ్ళ దూరం తప్పింది.

"మీవాళ్ళు దేంతో కొట్టాడన్నారు?"

"సీసాతో."

"ఒక్క గాజుపెంకైనా దొరికిందా?"

"ఊడ్చేసుంటాడు."

"ఊడ్చి, టోపీ మర్చిపోయాడు."

ఆయన మొహం ఎర్రబడింది. "చూడు లూథర్, సాయంత్రం తిరునాళ్ళు. ఆవిడ పాట వినడానికి మూడు కౌంటీల జనం వస్తారు. ఆవిడ మనసు పాడుచేశావంటే నీ లైసెన్సు పీకించేస్తాను. కేసు మూసేశాను. అంతే."

నేను వినడం మానేశాను. గుమ్మం పక్కన గోడకి ఓ బొంత వేలాడదీసి ఉంది, వాళ్ళమ్మ కుట్టిన అతుకుల బొంత. అంచున ఎర్రదారంతో ఆమె పేరు కుట్టి ఉంది. ఆ పేరు తలకిందులుగా ఉంది. ఏళ్ళ తరబడి జనం చూసే బొంతని ఎవరూ తలకిందులుగా తగిలించరు. కింద పడితే, కంగారులో మళ్ళీ తగిలించినవాళ్ళు తప్ప.

మేకుల మీదనుంచి దించాను.

"ముట్టుకోవద్దు!" అని అరిచాడు షెరిఫ్. నిన్నటినుంచి ఆ ఇంట్లో ఆయన పాటించిన మొదటి నియమం అది.

బొంత వెనక గుమ్మపు దుంగ మీద కత్తితో గీసిన గాట్లు. ఇంట్లో పిల్లల్ని నిలబెట్టి, నెత్తి మీద కత్తి ఆనించి, ఏడాదికోసారి గీసే గాట్లు. రెండు వరసలు. ఒక వరస పక్కన డి. రెండోదాని పక్కన ఎన్. కింద నా తొడ దగ్గర మొదలయ్యాయి. డి గాట్లు నా భుజం దగ్గర ఆగిపోయాయి.

ఎన్ గాట్లు ఆగలేదు. నడుము దాటాయి, ఛాతీ దాటాయి, నా కనుబొమల దాకా వచ్చాయి. ప్రతి ఏడాదీ డి కన్నా ఎన్ జానెడు ఎత్తు.

"ఏడేళ్ళకి చచ్చిపోయిన చెల్లెలు," అన్నాను, "నా అంత ఎత్తు ఎదిగింది షెరిఫ్ గారూ. పైగా చెల్లెలు కాదు, అక్క."

"ఎన్ అంటే ఇంకెవరో అయ్యుండొచ్చు. నార్మన్, నెల్సన్..."

మంచం మీద గోడకి గిటార్ ఉంది. 'ఆరేళ్ళప్పుడు డెల్ఫా నేర్చుకున్న గిటార్' అని కింద రాత. దించి కిటికీ వెలుగులో చూశాను. కుడిచేత్తో వాయించేవాళ్ళ గోటి గీతలు గిటార్ రంధ్రానికి కింది వైపున పడతాయి. దీనికి పైవైపు చెక్క అరిగి లోతుగా చారలు పడ్డాయి. అంటే దీన్ని ఏళ్ళ తరబడి వాయించిన మనిషి గిటార్‌ని తిప్పి పట్టుకుంది. ఎడంచేతి వాటం. డెల్ఫా ప్రూయిట్ పక్కన నేను వందసార్లు వాయించాను. ఆవిడ అన్నం తినేదీ, సంతకం పెట్టేదీ, గిటార్ మీటేదీ కుడిచేత్తోనే.

గిటార్‌ని షెరిఫ్ చేతిలో పెట్టి బంగళా వైపు పరుగులాంటి నడక నడిచాను.

ఆవిడ వెనక వరండాలో తిరునాళ్ళకి సిద్ధమై కూర్చుంది. తెల్ల గౌను, భుజాల మీద మెరిసే తళుకులు, గోపురంలా ఎత్తిన జుట్టు. మెట్ల కింద బస్సు ఇంజన్ ఆడుతోంది.

"నెట్టీ ఎక్కడుంది?" అన్నాను.

"కొండ మీద, యాపిల్ చెట్టు కింద. ఆ రాత్రి మంచు..."

"మంచు మాట ఎత్తారంటే మీ బస్సు టైర్లలో గాలి తీసేస్తాను. గుమ్మం మీద గాట్లు చూశాను. గిటార్ చూశాను. కడిగిన ఇస్త్రీపెట్టె చూశాను. నెట్టీ ఎక్కడుంది?"

ఆవిడ దుంగల ఇంటి వైపు చూసింది.

"బొంత ఎలా తగిలించాను?" అంది.

"తలకిందులుగా."

"అమ్మ చూస్తే చంపేసేది." చేతిరుమాలు ఒళ్ళో మడుస్తూ, విప్పుతూ ఉండిపోయింది. తర్వాత పాటల్లో లేని గొంతుతో చెప్పింది. "నాకన్నా మూడేళ్ళు పెద్దది. దానిలా గిటార్ వాయించేవాళ్ళని నేనింతవరకు చూళ్ళేదు. జనం నావనుకునే పాటలన్నీ అది కట్టినవే, ఆ దుంగల ఇంట్లో పొయ్యి పక్కన కూర్చుని. పెళ్ళాడినవాడు చర్చి బోధకుడు. గిటార్ సైతానుదన్నాడు. అది పాటలన్నీ నాకిచ్చేసి, 'ఇక నేను చచ్చాననుకో డెల్ఫా' అంది."

"మీరు అనుకున్నారు."

"పాట కట్టాను. నేను కట్టింది అదొక్కటే లూథర్. ఊళ్ళు ఏడ్చాయి. ఆ తర్వాత ఎక్కడికెళ్ళినా దాన్ని పాతిపెట్టందే జనం నన్ను ఇంటికి పోనిచ్చేవాళ్ళు కాదు. అది అక్కడ లోయలో రేడియోలో విని ఉంటుందని తెలుసు. ఒక్క ఉత్తరం రాయలేదు. ఏమని రాస్తాను?"

"ఆవిణ్ణి రాయిస్ వెతికి పట్టుకున్నాడు."

"పుస్తకానికి మంచి ముగింపు దొరికిందని సంబరపడ్డాడు పిచ్చివాడు. దాని మొగుడు పోయాడు, ఇప్పుడైనా కలపాలనుకున్నాడు. నిన్న ఏడింటికి కారు వెనక సీట్లో పడుకోబెట్టి తెచ్చాడు, వాచ్‌మన్ చూడకుండా. నాకు చెప్పకుండా తెచ్చి ఆ ఇంట్లో నిలబెట్టాడు. వాడు రమ్మంటే వెళ్ళాను, గుమ్మంలో అడుగు పెట్టేసరికి ఎదురుగా అక్క."

"ఏమంది?"

"'పాటలు ఉంచుకో. నా చావు నాకిచ్చెయ్' అంది."

"మీరేమన్నారు?"

డెల్ఫా ప్రూయిట్ తల వంచుకుంది. "భయమేసింది నాయనా. భయమేస్తే నా నోటికి అదొక్కటే వస్తుంది. 'నేను పుట్టిన రాత్రి మోకాలి లోతు మంచు' అని మొదలుపెట్టాను."

నేను కళ్ళు మూసుకున్నాను. ఆ ఒక్క క్షణం నెట్టీ పక్షాన నేను ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పేవాణ్ణి.

"ఎడంచేత్తో ఇస్త్రీపెట్టె తీసి నా మీదకి విసిరింది. రాయిస్ అడ్డొచ్చాడు. వాడు గోడకి కొట్టుకుని పడితే బొంతా, టోపీ కూడా పడ్డాయి. ఇద్దరం వాడి మీద వంగాం. పోయాడనుకున్నాం. అది వెళ్ళిపోయింది. టికెట్ల అమ్మాయి అరుపుకి వాచ్‌మన్ లోపలికి పరిగెత్తినప్పుడు గేటు దాటుంటుంది. నేను కడిగాను."

"హార్లన్‌ని జైల్లో పెడితే చూస్తూ ఊరుకున్నారు!"

"రెండ్రోజులు లోపలుంటే తాగుడు తగ్గుతుందనుకున్నా. ఆలోగా రాయిస్ కళ్ళు తెరిచి, పడిపోయానని చెబుతాడనుకున్నా. మా అక్క పేరు చెప్పి దాన్ని రెండోసారి చంపమంటావా?"

డ్రైవర్ హారన్ కొట్టాడు. ఆవిడ లేచి మెట్లు దిగింది. నేను అడ్డం నిలబడ్డాను.

"ఈ సాయంత్రం ఆ పాట పాడకండి."

"పాడక తప్పదు. మూడు కౌంటీల జనం అందుకే వస్తారు."

"అక్క ఎక్కడికి పోయిందో నిజంగా తెలీదా?"

"తెలీదు. నాన్న పిస్తోలు మాత్రం తీసుకెళ్ళింది. తలుపు మీద ఉండేది." బస్సు కడ్డీ పట్టుకుని ఒక కాలు పైకి పెట్టింది. "తీసుకుంటే తీసుకోనీ. పెద్దది. దానికే రావాలి అది."

"తూటాలున్నాయా అందులో?"

"మా లోయలో ఖాళీ తుపాకీ ఎవరూ గోడకి తగిలించరు నాయనా," అంది. తలుపు మూసుకుంది. నేను అరుస్తుండగానే బస్సు గేటు దాటి రోడ్డెక్కింది.

నా చావు నాకిచ్చెయ్. ఆ మాటకి చెల్లెల్ని చంపుతాననే అర్థం రావచ్చు. లేక మూడు కౌంటీల జనం చూస్తుండగా తనే చస్తాననీ రావచ్చు. ఏదైనా, అందుకు ఆ పాట కన్నా మంచి అదను దొరకదు.

షెరిఫ్ గిటార్ చంకలో పెట్టుకుని అప్పుడే వరండా దగ్గరికొచ్చాడు. "ఏంటి ఆ కేకలు? ఆవిణ్ణి ఏడిపించావా?"

"జీపు తీయండి! తిరునాళ్ళ దగ్గరున్న మీవాళ్ళకి కబురు పెట్టండి. అరవై దాటిన ఆడమనిషి. నా అంత పొడవు. ఎడంచేతి వాటం. ఎక్కడ కనిపించినా స్టేజి దగ్గరికి రానివ్వొద్దు, చేతిలో ఏముందో చూడాలి."

షెరిఫ్ మొహంలో ఎరుపు మెల్లగా దిగిపోయింది.

"పొడవంటే... నెరిసిన జడ, నల్ల గౌను?"

"మీకెలా తెలుసు?"

"నిన్న నేనొచ్చేసరికి గేటు బయట నిలబడి ఏడుస్తోంది. డెల్ఫా అభిమాని అనుకున్నా. చాలా దూరంనుంచి వచ్చాను, ఒక్కసారి పాట వినాలి బాబూ అంది. జాలేసింది. నాకిచ్చిన సీటు టికెట్ ఆవిడకిచ్చేశాను. థాంక్స్ చెబుతూ ఎడంచెయ్యే చాచింది. కుడిచేత్తో సంచి పట్టుకుంది కదా, అందుకనుకున్నా."

"ఆ సంచిలో ఏముందో చూశారా?"

"పెద్దావిడ సంచి వెతుకుతామా?"

"ఆ సీటు స్టేజికి ఎంత దూరం?"

ట్రూమన్ గాడ్సీ గిటార్‌ని నెమ్మదిగా మెట్ల మీద పెట్టి జీపు వైపు పరుగెత్తాడు. పరుగెత్తుతూనే అన్నాడు.

"దూరమేంటయ్యా. చెయ్యి చాపితే డెల్ఫా గౌను అందుతుంది."